గేటు దగ్గర బల్ల తీసేశారు. ఊరికే కూర్చోవడానికి చోటు అక్కర్లేదా?

ఎర్రమట్టిదిబ్బ
విశాఖ ఎంవీపీ కాలనీలో మాది పాత అపార్ట్‌మెంటు. గేటు లోపల బాదం చెట్టు, దాని కింద సిమెంటు బల్ల. వీపు ఆనించే చోట 'కీ.శే.' అని మొదలై పేరు సగం చెరిగిపోయి ఉంటుంది, ఎవరి జ్ఞాపకార్థమో ఇప్పుడున్నవాళ్లలో ఎవరికీ తెలీదు. పొద్దున పేపరు, సాయంత్రం బాతాఖానీ, అన్నీ దాని మీదే. మా నాన్న రిటైరయ్యాక అదే ఆయన ఆఫీసు.

పోయిన నెల అసోసియేషన్ వాళ్లు ఆ బల్ల పెకలించి ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ పాయింటు పెట్టారు. వాట్సాప్ గ్రూపులో అడిగారట, ఎక్కువమంది బొటనవేలు బొమ్మ పెట్టేశారు. ఆ బల్ల మీద కూర్చునే పెద్దవాళ్లలో సగం మంది అసలు ఆ గ్రూపులోనే లేరు.

ఇప్పుడు నాన్న పొద్దస్తమానం టీవీ ముందే. న్యూస్ పెట్టుకుని అందులోవాళ్లని తిడతారు. వాళ్లు తిరిగి ఏమీ అనరు కదా, తర్వాత అమ్మ మీద పడతారు. నేను ఛార్జింగ్‌కి వ్యతిరేకం కాదు, నాకూ ఎలక్ట్రిక్ స్కూటరుంది. కార్లకి చోటుంది, జనరేటరుకి చోటుంది, మనుషులు ఊరికే కూర్చోవడానికి నాలుగడుగులు లేవా అన్నదే నా బాధ. మీ బిల్డింగుల్లో ఎలా ఉంది? వీళ్లతో ఎలా మాట్లాడాలి?

900కె
ముందు ఆ ఓటింగులో మీరేం పెట్టారో చెప్పండి.

ఎర్రమట్టిదిబ్బ
ఓనర్లకే ఓటు. ఫ్లాటు నాన్న పేరు మీదుంది. నాన్న దగ్గరున్నది కీప్యాడ్ ఫోను.

సెక్రటరీ_బాధితుడు
వేరే బిల్డింగుకి సెక్రటరీని. జీతం లేదు, తిట్లు మాత్రం ఉచితం. అవతలి పక్షం కూడా వినండి.

మా గేటు దగ్గరా ఒక బల్ల ఉండేది. కింది ఫ్లాటువాళ్ల పడగ్గది కిటికీ సరిగ్గా దాని వెనకే. ఆ ఇంటాయన మర్చంట్ నేవీ. నెలల తరబడి ఓడలో ఉండి ఇంటికొచ్చి కాస్త పడుకుందామంటే పొద్దున ఐదున్నరకే కిటికీ కింద అసెంబ్లీ సమావేశాలు. ఆయన నాకు ఫోను, నేను పెద్దాయనలకి ఫోను, వాళ్లు "మేమేం దొంగలమా?" అని నా మీదికి. దానికి తోడు ఫైరింజను తిరగడానికి చుట్టూ ఖాళీ ఉంచాలి. రేపేదైనా జరిగితే నోటీసు నా పేరు మీద వస్తుంది గానీ ఆ కీర్తిశేషుల పేరు మీద రాదు.

ఇంకోటి. మెయింటెనెన్స్ అడగడానికి వెళ్తే ముందు లేచి లిఫ్టెక్కేది ఆ బల్ల మీదవాళ్లే.

పూర్ణామార్కెట్
కీర్తిశేషుల పేరు మీద రాదు!! ఆఫీసులో గట్టిగా నవ్వాను, మేనేజర్ చూస్తున్నాడు.

ఉక్కు_రిటైర్డ్
స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కూర్మన్నపాలెంలో సొంత ఫ్లాటు. ఉక్కునగరం క్వార్టర్లలో ఉన్నప్పుడు మాకు బల్లలూ గిల్లలూ లేవు, మెట్లే. మా మెట్ల మీద ఒక బెంగాలీ, ఇద్దరు మలయాళీలు, ఒక బీహారీ, మిగతా అందరం మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లం. ఎ షిఫ్టు వాడు మధ్యాహ్నం రెండుకి దిగుతాడు. సి షిఫ్టు వాడు రాత్రి పదికి ఎక్కాలి. ఏ టైముకి చూసినా ఎవడో ఒకడు ఖాళీగా దొరికేవాడు. స్నేహం చేద్దామని ఎవరూ కూర్చోలేదు. లోపల ఉక్కపోత, బయట గాలి, అందుకని కూర్చున్నాం.

మా పెద్దాడికి మొదటి ఉద్యోగం ఆ మెట్ల మీదే దొరికింది. నాకు ప్రాణస్నేహితులనుకున్నవాళ్లు ఎవరివల్లా కాలేదు. పై అంతస్తు బెంగాలీ ఆయన, ఆయనతో నాకు ఎండా వానా గురించి తప్ప మాటలే లేవు, "మా బావమరిది కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారు, కాగితం పంపండి" అన్నాడు. పంపాం. అంతే.

ఇప్పుడు మా ఫ్లాటులో పాలరాతి లాబీ ఉంది, సోఫా ఉంది. దాని మీద వేసిన ప్లాస్టిక్ కవరు ఇంతవరకూ తీయలేదు.

ఏయూ_క్యాంటీన్
ఉక్కు గారు మెట్ల మీద చూసినదాన్ని 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త లెక్కగట్టాడు. అమెరికాలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని పట్టుకుని, "ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. తరచూ అన్నవాళ్లు 17 శాతం లోపే. మిగతా అందరికీ అప్పుడప్పుడో అరుదుగానో కలిసేవాళ్ల వల్లే దొరికింది. దగ్గరివాళ్లకి తెలిసేది మనకీ తెలుస్తుంది, అందరం తిరిగేది ఒకే చోట కదా. ముఖపరిచయం ఉన్నవాడు వేరే లోకం నుంచి కబురు తెస్తాడు. మనం పోగొట్టుకుంటున్నది ఆ ముఖపరిచయాలనే. ప్రాణస్నేహితులు ఎలాగూ ఫోనులో ఉంటారు.

పూర్ణామార్కెట్
వచ్చాడండీ మాస్టారు. ఇక శాతాలు మొదలు.

రెండో_షిఫ్ట్
ఒక్క నిమిషం. బల్ల అనగానే అందరూ కరిగిపోతున్నారు. దాని ముందు నుంచి నడిచి వెళ్లాల్సినవాళ్లని ఎవరైనా అడిగారా?

నాది రుషికొండలో రాత్రి డ్యూటీ. అద్దెకుండే బిల్డింగులో గేటు దగ్గర సరిగ్గా ఇలాంటి బల్లే. క్యాబ్ దిగితే చాలు, "ఏ కంపెనీ అమ్మా? రాత్రిపూట ఏం పనుంటుంది?" డ్రెస్సు మీద ఒక చూపు, బ్యాగు మీద ఒక చూపు. ఒకసారి క్యాబ్ రాకపోతే టీమ్‌లో అబ్బాయి బైక్ మీద దింపాడు. నేను నాలుగో అంతస్తు చేరేలోపే ఓనరుకి కబురెళ్లింది. మర్నాడు టెక్కలిలో మా అమ్మకి ఫోను. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఆ బల్ల ఎవరైనా పెకలిస్తే నేను స్వీట్లు పంచుతాను.

పార్సిల్_బాబు
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను డెలివరీ చేస్తాను, రోజుకి ఎన్ని గేట్లు చూస్తానో లెక్కలేదు. బల్ల ఉన్న బిల్డింగులో ఇల్లు తొందరగా దొరుకుతుంది. "వాళ్లు ఊరెళ్లారు, ఇటియ్యి, మేమిస్తాం" అంటారు. ఎండలో మంచినీళ్లు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ గ్లాసుతోపాటే "మీదే ఊరు బాబూ?" అంటారు. పాడేరు వైపు అని చెబితే "ఇంటిపేరేటి?" అని. అది ఎందుకడుగుతారో వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. చెప్పాక "గ్లాసు అక్కడ పక్కన పెట్టెయ్" అన్నవాళ్లున్నారు.

కొత్త టవర్లలో యాప్‌లో ఓకే నొక్కేదాకా గేటు బయట ఎండలో నిలబెడతారు. నీళ్లూ లేవు, ఇంటిపేరూ లేదు. ఏది మేలో మీరే చెప్పండి.

ఎర్రమట్టిదిబ్బ
ఇది చదివాక ఏం రాయాలో తెలీలేదు. మా బల్ల మీద అలా జరగలేదని గట్టిగా చెప్పలేను, నేనెప్పుడూ పూర్తిగా విన్లేదు.

ఉక్కు_రిటైర్డ్
అమ్మా రెండో షిఫ్ట్, ఓనరుకి చెప్పడం నీచం, సందేహం లేదు. ఇంటిపేరు సంగతీ అంతే. కానీ అసలు అడిగేవాడే లేని చోట ఒంట్లో బాగోలేక పడిపోతే ఎవరికి తెలుస్తుంది? అడగడం వేరు, ఆరా తీయడం వేరు.

రెండో_షిఫ్ట్
ఆ తేడా ఎవరు చూస్తారండీ? మీవాళ్లని ఇప్పుడడిగినా "పలకరించాం, అంతే" అంటారు. నా ఎదురింట్లో మగపిల్లలు కూడా రాత్రి రెండుకి వస్తారు, వాళ్లకి ఆ పలకరింపు లేదు.

సెక్రటరీ_బాధితుడు
వాళ్లని పలకరిస్తే సిగరెట్ వాసన వస్తుంది, అందుకని.

లలిత_లాసన్స్‌బే
జోకులు సరే. ఇంతమంది ఇన్ని రాశారు, ఒకటి అడుగుతాను. ఆ బల్ల మీద ఆడవాళ్లు ఎప్పుడైనా కూర్చున్నారా? ఎర్రమట్టి గారూ, మీ అమ్మగారు?

ఎర్రమట్టిదిబ్బ
అమ్మా? లేదండీ. నాన్నకి టీ ఫ్లాస్కు ఇవ్వడానికి వచ్చేది.

లలిత_లాసన్స్‌బే
అదీ సంగతి.

900కె
లలితగారు తీశారు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మ బల్ల భీమిలి బస్సు. నా హ్యాండిల్ ఆ బస్సు నంబరే.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలై ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్ ఉచితం చేశారు కదా. అప్పటిదాకా మా అమ్మకి ఇల్లు, రైతుబజారు, సింహాచలం తప్ప వేరే ఊరు తెలీదు. ఇప్పుడు మా వీధిలో నలుగురైదుగురు కలిసి మధ్యాహ్నం పనులయ్యాక పర్సులో ఆధార్ కార్డు పెట్టుకుని బస్సెక్కేస్తారు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో వంతులు. భీమిలిలో దిగి లైట్‌హౌస్ దగ్గర కాసేపు కూర్చుని, మళ్లీ బస్సెక్కి వచ్చేస్తారు. కొన్నదేం ఉండదు, మొక్కిందేం ఉండదు. "ఏం చేశారే?" అంటే "మాట్లాడుకున్నాం" అంటుంది. "ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా?" అన్నాను. "ఇంట్లో కూర్చుంటే ఎవడో ఒకడు టీ అడుగుతాడు" అంది. ఆ ఎవడో ఒకడు నేనే.

సెక్రటరీ_బాధితుడు
అయితే నాకు సీటు దొరక్కపోవడానికి కారణం మీ అమ్మగారన్నమాట.

900కె
నిలబడండి. ఆవిడ ఇన్నేళ్లు వంటింట్లో నిలబడింది.

గాలివాన
హుద్‌హుద్ తుఫాను గుర్తుందా ఎవరికైనా? 2014 అక్టోబరు 12, ఆదివారం. మాది సీతమ్మధార. గాలి తగ్గాక తలుపు తీస్తే వీధి కనపడలేదు, అంతా చెట్లే. కరెంటు లేదు, కుళాయి లేదు, సెల్ సిగ్నల్ లేదు. పక్కవీధిలో అత్తయ్య బతికుందో లేదో చూడాలంటే కొమ్మలు దాటుకుంటూ నడిచి వెళ్లాల్సిందే.

మూడో ఇంటాయన దగ్గర రంపం ఉంది. అప్పటివరకూ ఆయన్ని పిసినారి అనుకునేవాళ్లం. ఆ వారం వీధికి ఆయనే కలెక్టరు. చివరింట్లో చేతిపంపు ఉంది, వీధంతా అక్కడే బిందెలు. అందరి ఫ్రిజ్‌లలో చేపలు, కోడి పాడైపోతాయని బయటికి తెచ్చి రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండారు. అందులో ఒక బ్రాహ్మల ఇల్లు, వాళ్లు పప్పుచారు గిన్నె పట్టుకొచ్చి కాస్త దూరంగా కూర్చున్నారు గానీ కూర్చున్నారు. పిల్లలందరం చీకట్లో దాగుడుమూతలు. నాకు అప్పుడు ఇంటర్. నా జీవితంలో అంత బాగా గడిచిన వారం మళ్లీ లేదు, పైకి అనకూడదు, ఎంతోమంది ఇళ్లు పోయాయి.

కరెంటొచ్చిన రాత్రి వీధంతా ఈలలు. అంతే, ఎవరింట్లోకి వాళ్లం పోయాం. రంపం ఆయన మళ్లీ పిసినారి అయిపోయాడు.

పూర్ణామార్కెట్
అదే వారంలో పాలప్యాకెట్టుకి ఇష్టమొచ్చిన రేటు చెప్పినవాళ్లూ మన వీధులవాళ్లే, మర్చిపోవద్దు. మాకు కొవ్వొత్తి అమ్మిన రేటుకి గంధపు కర్ర వచ్చేది.

ఏయూ_క్యాంటీన్
గిరిప్రదక్షిణ కూడా అలాంటిదే. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా, అంటే కొండ కింద మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి సింహాచలం కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు. దారి పొడుగునా ముక్కూమొహం తెలియనివాళ్లు మజ్జిగ, పులిహోర చేతిలో పెడతారు. ఇసుకతోట దగ్గర ఒకావిడ నా కాళ్లకి బలవంతంగా నూనె రాసింది. మామూలు రోజు అదే రోడ్డులో హారన్ కొట్టినందుకు కొట్టుకుంటాం.

సెక్రటరీ_బాధితుడు
అంటే తుఫాను రావాలి, లేదా దేవుడు పిలవాలి. మామూలు మంగళవారం నాడు మనవల్ల కాదు.

జాలారిపేట_చిన్న
మామూలు మంగళవారం నాడు కూడా అవుద్ది, మాది పెదజాలారిపేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మగాళ్లంతా ఇసకలో కూర్చుని వలలు బాగుచేస్తారు. వల అంచు కాలి బొటనవేలికి తగిలించి బిగబట్టి, తెగిన కన్ను వెతికి, నైలాన్ దారంతో ముడి వేసుకుంటూ పోవాలి. రెండు చేతులూ ఒక కాలూ పనిలో ఉంటాయి, ఫోను పట్టుకోవడం కుదరదు. నోరు ఒక్కటే ఖాళీ. అందుకే మాట్లాడతారు.

టూరిస్టులొచ్చి "ఎంత కలిసిమెలిసి ఉన్నారో" అని ఫొటోలు తీసుకుంటారు. అక్కడ మాట్లాడేది అప్పుల గురించి. ప్రభుత్వం ఇచ్చే భృతి ఎవరి ఖాతాలో పడింది, ఎవడు ఇంజను తాకట్టు పెట్టాడు, ఎవరింట్లో రాత్రి గొడవైంది. మా పేటలో రహస్యం అనేది ఉండదు. ఉద్యోగం వచ్చాక నేను ఎన్ఏడీ దగ్గర గది తీసుకున్నాను. మొదట్లో ఎంత హాయిగా నిద్రపట్టిందో చెప్పలేను. తర్వాత తర్వాత ఆదివారం ఎప్పుడొస్తుందా, పేటకి ఎప్పుడు పోదామా అని చూస్తున్నాను.

రెండో_షిఫ్ట్
చిన్న గారూ, ఇది మాత్రం పూర్తిగా అర్థమైంది. నేనూ టెక్కలి వెళ్తే మూడో రోజుకి పారిపోవాలనిపిస్తుంది, ఇక్కడికొచ్చిన మూడో రోజుకి మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

కొమ్మాది_టవర్
నాకు బల్లా లేదు, బస్సూ లేదు, పేటా లేదు. వర్క్ ఫ్రం హోమ్. శుక్రవారం సాయంత్రం లాగౌట్ అయితే సోమవారం దాకా నేను పైకి పలికే మాట "థాంక్యూ బ్రో" ఒక్కటే, అదీ భోజనం తెచ్చినబ్బాయికి. వయసు 26. ఇంట్లో వాళ్లు పెళ్లి చేస్తే సరిపోతుంది అంటారు. ఇది ముసలివాళ్ల టాపిక్ అనుకుని తెరిచాను.

పార్సిల్_బాబు
కొమ్మాదా? బ్రో ఆ అబ్బాయి నేనేనేమో. రేటింగ్ ఇచ్చావా మరి?

కొమ్మాది_టవర్
ఐదు చుక్కలు ఇస్తాను బ్రో ఎప్పుడూ.

ఏయూ_క్యాంటీన్
కొమ్మాది తమ్ముడూ, ఇది ముసలివాళ్ల టాపిక్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్ 30న ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని అందులో ఉంది. 13 నుంచి 29 ఏళ్లవాళ్లలో ఒంటరిగా ఉన్నామన్నవాళ్లు 17 నుంచి 21 శాతం. బల్ల పోయిందని ఎర్రమట్టి వాళ్ల నాన్నగారు గొడవ పెడుతున్నారు. నీకు పోవడానికి బల్లే లేదు కాబట్టి ఎవరితో గొడవ పెట్టాలో కూడా తెలీదు.

బ్రిటన్‌లో 2018లో ఒంటరితనానికి ప్రత్యేకంగా మంత్రినే పెట్టారు. 2021లో జపాన్ కూడా పెట్టింది.

పూర్ణామార్కెట్
మనకి మంత్రిని పెడితే ప్రారంభోత్సవానికి అందరం కలుస్తాం, అదొక లాభం.

నిర్వాహకుడు
కొమ్మాది గారు రాసినట్టు ఎవరికైనా ఉంటే, రాత్రిళ్లు మరీ భారంగా ఉంటే, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పెద్దవాళ్ల సమస్యలకి ఎల్డర్‌లైన్ 14567. ఇక చర్చ కొనసాగించండి. పూర్ణామార్కెట్ గారూ, పార్టీల పేర్లు ఎత్తకండి.

పూర్ణామార్కెట్
ఎత్తలేదు కదా ఇంకా!

టొరంటో_వైజాగీ
చాలా రోజులుగా చదివి వెళ్లిపోయేవాణ్ణి. మా అమ్మ ఒక్కతే ద్వారకానగర్‌లో ఉంటుంది. నేను రోజూ వీడియో కాల్ చేస్తాను. ఇంట్లో కెమెరా కూడా పెట్టించాను. అమ్మకి అది ఇష్టం లేదు, దాని మీద తువ్వాలు కప్పేస్తుంది.

పోయిన ఏడాది నేను కాల్ చేస్తే "బాగానే ఉన్నాను, నిద్రొస్తోంది" అని పెట్టేసింది. నేను సరే అనుకున్నాను. పొద్దున గ్రిల్లుకి పాలసంచి అలాగే వేలాడుతుంటే వాచ్‌మన్ భార్య చూసింది. మా అమ్మ ఆరింటికల్లా పాలు కాచేస్తుందని ఆవిడకి తెలుసు. తలుపు కొట్టి, తియ్యకపోతే తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని తీయించింది. నూట మూడు జ్వరం. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ లేదు, మా అమ్మ నంబరు కూడా లేదు. పాలసంచి ఏ టైముకి లోపలికి పోతుందో మాత్రం తెలుసు.

అందుకని రెండో షిఫ్ట్ గారి కోపం న్యాయమే అయినా, చూసేవాళ్లు అసలే లేకపోవడం నాకు భయం.

రెండో_షిఫ్ట్
ఆవిడ చూసి ఏం చేసింది? తలుపు కొట్టింది. మా బల్ల చూసి ఏం చేసింది? ఓనరుకి ఫోను కొట్టింది. నేను ఇంతకుమించి ఏమీ అడగట్లేదు.

పైగా నేను మనుషులకి దూరంగా పారిపోయే రకం కాదు. డ్యూటీ అయ్యాక తిన్నగా బీచ్ రోడ్డుకి వెళ్తాను. పొద్దున్న పూట బళ్లు ఆపేస్తారు కదా, రోడ్డంతా మనదే. అక్కడ ఒక గుంపు షటిల్ ఆడుతుంది. నెట్ ఉండదు, రోడ్డు మీద సుద్దతో గీత. ఒకాయన బ్యాంకు మేనేజరట, ఒకావిడ ఇడ్లీ బండి, ఇద్దరు కాలేజీ పిల్లలు. అట అని ఎందుకంటున్నానంటే నేనెప్పుడూ అడగలేదు, మాటల్లో తెలిసింది. నన్ను "నైట్ డ్యూటీ" అంటారు, పేరు తెలీదు. రెండు రోజులు వెళ్లకపోతే మాత్రం "ఏటమ్మా, జొరమా?" అని అడుగుతారు. ఇంకేమీ అడగరు.

ఏయూ_క్యాంటీన్
కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో దీని మీదే రాశాడు. పరిచయం ఉన్న మనిషి మామూలు స్నేహితుడు కావడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి, స్నేహితుడు కావడానికి 90, దగ్గరి స్నేహితుడు కావడానికి 200 పైన. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చున్న గంటలు పెద్దగా లెక్కలోకి రావట. ఊరికే గడిపిన గంటలే పనిచేస్తాయి. మీ షటిల్ రోజుకి గంట అనుకుంటే లెక్క వేసుకోండి.

రెండో_షిఫ్ట్
వేసుకోను మాస్టారూ. లెక్క మొదలుపెడితే రేపట్నుంచి అది కూడా ఆఫీసే.

లలిత_లాసన్స్‌బే
గంటలు సరే, ఆ గంటలు ఎవరి దగ్గరున్నాయి? ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. నాకు ఊరికే గడిపే గంట అంటే స్కూల్ బస్సు లేటైనప్పుడు గేటు దగ్గర నిలబడే పావుగంట. నా స్నేహితురాళ్లంతా ఆ పావుగంటల్లో అయినవాళ్లే. బస్సులో జీపీఎస్ యాప్ పెట్టాక ఎవరూ ముందు రావట్లేదు. బస్సు మలుపు తిరిగాక దిగుతారు, పిల్లని ఎక్కిస్తారు, వెళ్తారు. యాప్ మంచిదే, ఎండలో నిలబడక్కర్లేదు. కానీ కావ్య వాళ్లమ్మకి ఆపరేషన్ అయిందని నాకు నెల తర్వాత తెలిసింది.

ఉక్కు_రిటైర్డ్
మా లాబీలో సోఫా కవరు తీసేశాను నిన్న. సెక్రటరీ అడిగితే చిరిగిపోయిందని చెప్పాను.

సెక్రటరీ_బాధితుడు
మీ సెక్రటరీ తరఫున నేను ఖండిస్తున్నాను.

జాలారిపేట_చిన్న
కొమ్మాది బ్రో, ఈ ఆదివారం పేటకి రా. చేపల పులుసు తిందువు. ముందే చెప్తున్నా, మా అమ్మ నీ జీతం అడుగుద్ది, పెళ్లెప్పుడని అడుగుద్ది, ఇంకా ఉల్లిపాయలు కోయమంటది. ఓర్చుకోవాలి.

కొమ్మాది_టవర్
జీతం కాస్త తక్కువ చేసి చెప్పొచ్చా?

జాలారిపేట_చిన్న
ఎక్కువ చెప్పు. తక్కువ చెబితే రెండు ముక్కలు ఎక్కువేసి జాలి పడుద్ది, అది ఇంకా కష్టం.

ఎర్రమట్టిదిబ్బ
అప్‌డేట్. నిన్న జనరల్ బాడీ మీటింగ్ అయింది. ఇక్కడ చదివినవన్నీ బుర్రలో పెట్టుకుని వెళ్లాను. ఛార్జింగ్ పాయింటు కదలదు, వైరింగు అయిపోయిందట. బల్లని మోటారు గది పక్కన వేద్దామంటే అక్కడ దోమలు. టెర్రస్ మీద వేద్దామని ఒకాయన, మోకాళ్ల సంగతేంటని ఇంకొకాయన. నేను లలితగారి ప్రశ్న అడిగాను, ఆడవాళ్లు కూడా కూర్చునేలా ఎక్కడ వేద్దాం అని. ముందు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మూడో అంతస్తు ఆంటీ లేచి "లోపలి వైపు బట్టలారేసే చోట వెయ్యండి, నీడ ఉంటుంది, వచ్చేపోయేవాళ్ల మొహాలు చూసే పనుండదు" అన్నారు. మగవాళ్లకి నచ్చలేదు. గేటు కనపడకపోతే ఇంకేం కూర్చుంటాం అని నిజం ఒప్పేసుకున్నారు. చివరికి లోపలే వేశారు. ఇప్పటికి అక్కడ ఆంటీలే కూర్చుంటున్నారు, అమ్మ కూడా వెళ్తోంది.

రెండో_షిఫ్ట్
మూడో అంతస్తు ఆంటీకి నా తరఫున స్వీట్లు.

900కె
మరి నాన్నగారు?

ఎర్రమట్టిదిబ్బ
నాన్న అలిగారు. బట్టల కింద కూర్చోను అన్నారు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కాంప్లెక్స్ బస్సెక్కి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్తున్నారు. అన్ని పేపర్లూ చదివి మధ్యాహ్నం భోజనానికి వస్తారు. అక్కడ ఎవరితోనో రోజూ వాదన అవుతోందట, ఆయన పేరు కూడా తెలీదు గానీ "ఆ కళ్లజోడు వెధవకి రేపు చెబుతాను" అంటూ రాత్రి పాత పేపర్లు తిరగేస్తున్నారు. టీవీ పెట్టట్లేదు.

900కె
ఫ్యాను కింద, గోడవైపు కుర్చీ, కళ్లజోడుకి నల్లతాడు?

ఎర్రమట్టిదిబ్బ
అడిగి చెబుతాను. ఎందుకు?

900కె
మా పెదనాన్న అయ్యుంటాడు. ఆయన కూడా రెండు రోజుల నుంచి ఇంట్లో ఎవరినో "ఎంవీపీ వెధవ" అంటున్నాడు.